పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఒక తీరు

ఆ ఎండాకాలం నా అలసట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో నాకే తెలిసేది కాదు. నిద్ర లేచేసరికే ఒళ్లు బరువుగా ఉండేది. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు వజూ చేసుకుంటుంటే నల్లా నీళ్లు కూడ వెచ్చగానే వచ్చేవి. నీళ్లైతే వస్తున్నయి గదా, అల్హందులిల్లా, అనుకునేదాన్ని. అట్ల అనుకోవడం మా బాబా, అంటే మా నాయన, నేర్పిన అలవాటు. అలసట తగ్గదు గాని, అలసట మీద అలక తగ్గుతది.

మాది గోదావరి దిక్కు బొగ్గుగనుల కాలనీ. ముందు గది, లోపలి గది, వెనుక వంటిల్లు, ఇంతే మా క్వార్టర్. మా ఆయన గనిలో పనిచేస్తడు. పగటి పూట ఇంట్ల ఉండేది నేనూ, మా అత్తగారూ. ఆమెను నేను అమ్మీ అంటా. ఆమె నన్ను బేటీ అంటది. కోపమొస్తే మాత్రం "ఓ పెద్దపల్లిదానా" అంటది. నా పుట్టిల్లు పెద్దపల్లి. అమ్మీకి షుగరు, మోకాళ్ల నొప్పులు. ఒకసారి బాత్‌రూంల జారి పడ్డప్పటి నుంచి ఆమెను ఒంటరిగా విడిచి నేను పక్క వీధి కూడ పోలే.

అందుకే ఇంట్ల కూసొని చేసే పని దొరకడం నాకు దేవుడు ఇచ్చిన పెద్ద మేలు. కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసు ఉన్నది. భైంసా దిక్కు పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుల కోసం వాళ్లు ఒక ప్రోగ్రాం తయారుచేస్తున్నరు. బెల్టు మీద పోయే పత్తిని కెమెరా చూస్తది. అందులో ఆకు ముక్కలు, చెత్త ఎంత ఉన్నయో ప్రోగ్రాం చెప్పాలె. పత్తి ముందుకు పోయేలోపలే చెప్పాలె, పోయినంక చెప్తే లాభం లేదు. ఆ లెక్క కట్టే భాగం నాది. మిల్లులో పెట్టబోయే కంప్యూటరు టిఫిన్ డబ్బా అంత ఉంటది. అసొంటిదే ఒకటి పరీక్షలకని ఆఫీసోళ్లు మా ఇంటికి పంపిన్రు. ఇంటర్నెట్ పెట్టె ముందు గదిలో ఉన్నది గనుక ఆ డబ్బాను కూడ అక్కడే టీవీ పక్కన పెట్టినం. కూలరు లోపలి గదిలో ఉన్నది గనుక నేను అక్కడ ల్యాప్‌టాప్ ముందు కూసొని, అక్కడి నుంచే డబ్బాను నడిపేదాన్ని.

ఎండలు ముదిరినంక పరేషాన్ మొదలైంది. పొద్దున డబ్బా మీద ప్రోగ్రాం చకచక నడిచేది. మధ్యాహ్నం జుహర్ నమాజు చదువుకొని వచ్చి మళ్లా నడిపితే అదే ప్రోగ్రాం, అవే పత్తి ఫోటోలు, సగం వేగం కూడ లేదు. తెల్లారి చూస్తే మళ్లా మామూలే.

ఆఫీసులో మా పని చూసే పెద్దాయనను అందరం అన్న అంటం. ఆయన ఫోన్ చేసిండు.

"చెల్లె, పొద్దున నువ్వు పంపిన రిజల్టు మంచిగున్నది. మధ్యాహ్నందేమో ఎడ్లబండి లెక్క నడుస్తుంది. గిదేం కథ?"

"అదే చూస్తున్న అన్నా."

"చూస్తున్న చూస్తున్న అనుకుంట పోతే పత్తి సీజనొచ్చి నెత్తిన కూసుంటది. మా కాడ గూడ గదే డబ్బా ఉన్నది, పొద్దంత ఒక్క తీరే నడుస్తుంది. తేడా మీ ఇంట్లనే ఉన్నది. నువ్వు ఇగ కరీంనగర్ వచ్చి ఈడ కూసొని చెయ్యి."

"మా అత్తమ్మను ఇడిచి రాలేను అన్నా. మీకు ముందే చెప్పిన."

"చెప్పినవ్, నేను కాదంటలేను. రాలేకుంటే ఆ భాగం ఇంకొకరికి ఇస్త. కోపానికొచ్చి అంటలేను చెల్లె. ఈ వారం చూడు."

ఫోన్ పెట్టేసి చాలాసేపు గోడకు ఆనుకొని కూసున్న. ఆయన మాటలో తప్పు లేదు. తప్పు లేని మాట విన్నప్పుడు వచ్చే అలసట ఇంకో రకం. ముందు గది నుంచి అమ్మీ అడిగింది.

"ఎవరు బేటీ, కరీంనగరా?"

"ఔ అమ్మీ."

"రమ్మంటున్నరా?"

ఆమెకు చెవులు బాగానే వినిపిస్తయి. "అనుడైతే అంటున్నరు" అని చాయ్ పెట్టడానికి లేచిన.

నేను బడికి పోయింది తక్కువ. చిన్నప్పుడు జబ్బు చేసి మంచం పట్టిన. తర్వాత బాబానే ఇంట్ల చదివించిండు. పెద్దపల్లి స్టేషను దగ్గర ఆయనకు రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉండె. పొద్దున ఖురాన్ పాఠం, ఆ వెనుకనే లెక్కలు, తెలుగు పుస్తకం, పొద్దుగూకితే దుకాణం నుంచి తెచ్చిన పాత కంప్యూటరు విప్పుడు. కరెంటు చూసే మీటరును సాదిన బిడ్డ లెక్కనే పట్టుకునేటోడు. "బేటా, పాడైన సామానుకు అబద్ధం రాదు. నువ్వు అడుగుడు రావాలె. ఒకటి అడుగు, జవాబు విను, తర్వాత ఇంకోటి అడుగు. అన్నీ ఒకటేసారి అడిగితే అది పరేషాన్ అయితది, నువ్వూ అయితవు" అనేటోడు. ఇవాళ నేను తినే అన్నంల ఆయన చదువు ఉన్నది. అల్లా ఆయనకు జన్నత్ ఇవ్వాలె.

ఎంతసేపు పట్టిందో గడియారం చెప్తది, ఎందుకు పట్టిందో చెప్పది. ఎందుకో తెలియాలంటే ప్రాసెసర్‌నే అడగాలె. దాని లోపల లెక్కపెట్టే చిన్న మీటర్లు ఉంటయి. ఎన్ని ఆదేశాలు పూర్తిచేసింది, దాని గడియారం ఎన్నిసార్లు కొట్టుకున్నది, కావలసిన సమాచారం చేతికింద దొరకక దూరపు మెమరీ దాకా ఎన్నిసార్లు పోయింది, ముందు దారి ఇదే అని ఊహించి ఎన్నిసార్లు తప్పింది, ఇసొంటివన్నీ అది నడుస్తుంటేనే లెక్కపడుతయి. వీటిని సంఘటనలు అంటరు. అయితే మనం పోయి నేరుగా ఆ మీటర్లు చూడలేం. నడుమ ఆపరేటింగ్ సిస్టం ఉంటది, దాని నడిమి భాగాన్ని కెర్నెల్ అంటరు. ఫలానా సంఘటన లెక్కపెట్టమని కెర్నెల్‌ను అడుక్కోవాలె. అది ఒప్పుకుంటే ఒక మీటరును ఆ సంఘటన దిక్కు తిప్పి, మన చేతికి ఒక పిడి ఇస్తది. ఆ పిడి పట్టుకొనే అంకె చదువుకోవాలె. ఒక్కో ప్రాసెసర్ కంపెనీ ఒక్కో సంఘటనకు ఒక్కో కోడు పెట్టుకుంటది. కెర్నెల్ వాటిలో ముఖ్యమైనవాటికి మనందరికీ అర్థమయ్యే పేర్లు పెట్టి ఇస్తది. ఎవరో తెలియని మనుషులు కూసొని మనకోసం అంత పని చేసిపెట్టిన్రు. వాళ్లకు కూడ దువా చేసిన.

మొదట నా ల్యాప్‌టాప్ మీదనే ప్రయత్నం చేసిన. దాంట్ల విండోస్ లోపల ఇంకో సిస్టంను, లినక్స్‌ను, కిరాయికి పెట్టినట్టు పెట్టుకున్న. మీటర్లు చూపియ్యమంటే అన్నిటి ఎదురుగా ఒకటే జవాబు వచ్చింది, ఇక్కడ ఆ సౌకర్యం లేదని. కిరాయి గదిలో ఉన్నోళ్లకు కరెంటు మీటరు కనిపియ్యది, అది ఓనరు వరండాలో ఉంటది. అట్లనే ఇదీ. ఎట్లైనా మెల్లగ నడుస్తున్నది డబ్బా, నొప్పి ఒక చోట ఉంటే మందు ఇంకో చోట రాసినట్టు ల్యాప్‌టాప్‌ను అడిగితే ఏమొస్తది.

డబ్బాను అడిగితే, నీకు అనుమతి లేదు అన్నది. ఎవరు ఎంతదాకా చూడొచ్చునో ఒక సెట్టింగు ఉంటది. దాంట్ల అంకె పెద్దగ పెట్టినకొద్దీ తలుపులు మూసుకుంటయి. మార్చే అధికారం నాది కాదు. అన్నకు ఫోన్ చేసిన.

"అన్నా, డబ్బా నాకు మీటర్లు చూడనిస్తలేదు. ఆ సెట్టింగు జర తగ్గియ్యాలె."

"గది ఉత్తగ బంద్ పెట్టలే చెల్లె. ఎందుకు పెట్టినమో ఎర్కేనా?"

"ఎర్కే అన్నా. మీటర్లు చూసుకుంట ఒక ప్రోగ్రాం పక్క ప్రోగ్రాం గుట్టు ఊహించొచ్చు."

"మరి?"

"ఈ డబ్బాల నాదొక్కటే నడుస్తుంది. గుట్టు తీద్దామన్నా పక్కన ఎవరూ లేరు."

అవతల నవ్విండు. "నోరున్నది నీకు. తగ్గిస్త. పని కాంగనే మళ్లా బంద్ చేస్త."

"తప్పకుండ చెయ్యండి" అన్న. పర్దా ఉన్న ఇంట్ల పెరిగినదాన్ని. అడ్డం ఉన్న ప్రతి తెరా మనను అవమానించడానికే ఉండదని నాకు తెలుసు.

తలుపు తెరుచుకున్నది. నేను చేసిన పని చూడండి, బాబా చెప్పిన మాట మరిచి, దొరికింది గదా అని ఉన్న సంఘటనలన్నీ ఒకటేసారి అడిగిన. మీటర్లేమో చేతివేళ్ల కన్న తక్కువ. కెర్నెల్ కాదనలే, వంతులు పెట్టింది. ఎండాకాలం నల్లా కాడ బిందెల లైను లెక్కనే, కొంచెంసేపు ఈ సంఘటన, కొంచెంసేపు ఆ సంఘటన లెక్కపెట్టి, లెక్కపెట్టని సమయానికి అంచనా కట్టి మొత్తం అంకె ఇచ్చింది. దాపరికం కూడ చెయ్యలే, ఒక్కో అంకె పక్కన అది ఎంతసేపు నిజంగ లెక్కపెట్టిందో కూడ రాసిచ్చింది. ఆ అంచనాలు ఒకసారి చూస్తే ఒక తీరు, ఇంకోసారి చూస్తే ఇంకో తీరు. వాటితోని ఒక పగలంతా పోయింది. మెమరీ దగ్గరే తప్పున్నది అనుకొని నా ప్రోగ్రాంల మంచిగున్న ముక్కను కూడ మార్చి, మళ్లా యథాతథంగ పెట్టిన.

ఆ సాయంత్రం రొట్టెలు చేస్తుంటే అమ్మీ వంటింటి గడప మీద కూసున్నది.

"ముఖం ఏంది బేటీ గట్ల పీక్కపోయింది?"

"ఏం లేదు అమ్మీ, పని ఎటూ తెగుతలేదు."

"పోతే పో కరీంనగర్. నేను చచ్చిపోను. పక్కింటామె చూస్తది."

"పక్కింటామెకు నీ గోళీలు ఏవో తెలుసా?"

"నాకే తెల్వది, ఆమెకేం తెలుస్తది" అన్నది. ఇద్దరం నవ్వినం. నవ్వినంక ఆమె కొంగుతోని మోకాలు ఒత్తుకుంట అట్లనే కూసున్నది. పొమ్మన్న మనిషి ముఖం అట్ల ఉండదు.

తెల్లారి పొద్దున తక్కువ అడిగిన. ఆదేశాలు, గడియారం కొట్టుకున్న సార్లు, మెమరీ దాకా పోయిన సార్లు, అంతే. వంతులు లేవు, అంచనాలు లేవు. మధ్యాహ్నం జుహర్ అయినంక మళ్లా అవే అడిగిన. రెండు జవాబులు పక్కపక్కన పెట్టుకొని చూస్తే నాకు మొదట నమ్మబుద్ధి కాలే. ఆదేశాలు సమానం. మెమరీ దాకా పోయినవి దాదాపు సమానం. గడియారం కొట్టుకున్న సార్లు కూడ దాదాపు సమానమే. పట్టిన సమయం మాత్రం రెండింతల కన్న ఎక్కువ.

అంటే నా ప్రోగ్రాం దారి తప్పుతలేదు. పొద్దున వేసిన అడుగులే మధ్యాహ్నమూ వేస్తుంది. అడుగు అడుగుకు నడుమ నిలబడి ఊపిరి పీల్చుకుంటుంది. గడియారమే మెల్లగ కొట్టుకుంటుంది. ప్రాసెసర్ అట్ల చేసేది ఎక్కువగ ఒకందుకే, వేడి ఎక్కువైతే కాలిపోకుండ తన వేగం తనే తగ్గించుకుంటది. ఆ వేడిని కూడ ఆపరేటింగ్ సిస్టం ఒక మూలన చూపిస్తది, దానికి మీటర్లతోని పని లేదు. చూసిన. నిజమే, డబ్బా మసిలిపోతుంది.

కాని ఎందుకు? ముందు గదిలో ఫ్యాను ఉన్నది, ఆఫీసులో కూడ ఏసీ లేదు. లేచి ముందు గదికి పోయిన.

ఇక్కడ మా కాలనీ సంగతి ఒకటి చెప్పాలె. మాకు దగ్గరలో నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని ఉన్నది. మధ్యాహ్నం పూట మందు పెట్టి బ్లాస్టింగ్ చేస్తరు. ముందు సైరన్ కూస్తది. సైరన్ వినంగనే వరుసలో ఉన్న ప్రతి క్వార్టర్‌ల ఆడోళ్లు కిటికీలు మూసి, ఇంట్ల సామాన్లన్నిటికీ గుడ్డలు కప్పుతరు. టీవీకి, మిక్సీకి, కుట్టుమిషనుకు, బియ్యం డబ్బాకు. ఆ తర్వాత వచ్చే బొగ్గు దుమ్ము అంత సన్నగ ఉంటది, మూసిన తలుపు కూడ దానికి అడ్డం కాదు. మళ్లా గుడ్డలు తీసేది తెల్లారి ఊడ్చేటప్పుడే. మధ్యాహ్నం నుంచి మా ముందు గది అట్ల ముసుగేసుకొనే ఉంటది. రోజూ ఆ గదిలకెల్లే నడుస్తున్న, ఆ ముసుగులన్నీ చూస్తనే ఉన్న. అలవాటైన కంటికి ఏదీ ఆనదు.

టీవీ పక్కన నాలుగు మడతల దుప్పటి. దాని కింద నా డబ్బా. దుప్పటి ఎత్తితే రొట్టెల పెంకు మీద నుంచి వచ్చినట్టు వేడి వచ్చింది. లోపల చిన్న ఫ్యాను పాపం గింగిరాలు కొడుతుంది.

"ఇది ఎవరు కప్పిన్రు అమ్మీ?"

"ఎవరు కప్పుతరు, జిన్నులొచ్చి కప్పుతయా? నేనే."

"ఎప్పటిసంది?"

"అది వచ్చిన కాడికెల్లి. నువ్వు నమాజుల ఉంటవు గదా, సైరన్ కాంగనే కప్పుత. మొదలు పల్చటి గుడ్డ కప్పిన. ఎండలు ముదిరినంక దుమ్ము ఆగుతలేదని దుప్పటి కప్పుతున్న. ఏమైంది?"

నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడ లేకుండె. అది కూడ ఒక మేలే. కింద కూసొని మెల్లగ చెప్పిన. "దానికి గాలి ఆడాలె అమ్మీ. గాలి ఆడకుంటే వేడెక్కుతది. వేడెక్కితే మెల్లగ నడుస్తది."

ఆమె డబ్బా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసుకున్నది. "హాయల్లా" అన్నది. కొంచెంసేపు దుప్పటి మడత విప్పి, మళ్లా మడిచి, ఒళ్లో పెట్టుకున్నది.

"కరీంనగరోళ్లు నిన్ను రమ్మన్నది గిందుకేనా?"

ఔనన్నట్టు తల ఊపిన.

"గీ దుమ్ము లోపటికి పోతే ఏమైతదో నాకు ఎర్కే బేటీ. మీ మామ పండుకుంటే ఊపిరి ఆడకపోయేది. గోడకు దిండు పెట్టుకొని కూసొనే నిద్రపోయేటోడు. మనిషికైతే కప్పరాకపాయె. గీ డబ్బా నీ పొట్టకూడు, దీని లోపటికన్న దుమ్ము పోకూడదు అనుకున్న."

ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకున్న. వేడి తగిలిన వేళ్లు ఎర్రగ ఉన్నయి. పోయి బిందెలోని చల్లటి నీళ్లు తెచ్చి ఆ వేళ్ల మీద పోసిన. ఆమె వద్దనలే.

తెల్లారి మధ్యాహ్నం సైరన్ కూసినంక ఇద్దరం కలిసి డబ్బాకు కాకుండ కిటికీకి తడి చద్దరు కట్టినం. డబ్బాను గోడకు దూరం జరిపి, అమ్మీ విసనకర్ర పట్టుకొని దాని ముందు కూసున్నది. వద్దంటే వినలే. "నువ్వు పోయి నీ మీటర్లు చూసుకో" అన్నది. చూసిన. పొద్దున ఎంతో మధ్యాహ్నమూ అంతే.

అన్నకు ఫోన్ చేసిన. స్పీకరు మీద పెట్టిండు, ఆఫీసోళ్లు ఇంకా ఎవరో వింటున్నరు. ఆదేశాలు సమానం, గడియారమే మెల్లగైంది, వేడి వల్ల అని చెప్పిన.

"వేడి ఎందుకైంది మరి?"

"దుమ్ము పడుతదని డబ్బాకు దుప్పటి కప్పినం అన్నా."

అవతల నవ్వులు. "ఎండాకాలం దుప్పటా!" అని ఎవరో అన్నరు. నా ముఖం వేడెక్కింది. అమ్మీ గుమ్మంల నిలబడి వింటుంది. నవ్వు ఆగనిచ్చి, నాకు అప్పుడే తట్టిన మాట చెప్పిన.

"మిల్లుల పత్తి నూగు ఎంత ఎగురుతదో మీకు తెలుసు గదా అన్నా. అక్కడి డబ్బాకు ఎవరూ గుడ్డ కప్పరా? గోనెసంచె కప్పుతరు. మంచిదనుకొనే కప్పుతరు. అప్పుడు ప్రోగ్రాం మెల్లగైతే మీరు మళ్లా నా లెక్కనే తప్పు పడుతరు."

ఆగకుండ ఇంకో మాట కలిపిన.

"వేడెక్కి మెల్లగైతున్న అని ప్రోగ్రామే ముందు చెప్పేటట్టు రాయొచ్చు. దానికి పెద్ద అనుమతులు కూడ అక్కర్లేదు, వేడి అంకె అందరికీ కనిపిస్తది. మీటర్ల తలుపు మీరు మళ్లా మూసెయ్యొచ్చు."

అన్న గొంతు వినిపించింది. "నువ్వు ఈడ కూసొని ఉంటే గిది మాకు తెలువకపోయేది. రాయి చెల్లె. అక్కడి నుంచే రాయి."

"షుక్రియా అన్నా."

"షుక్రియా మీ అత్తమ్మకు చెప్పు" అని పెట్టేసిండు.

ఫోన్ కింద పెట్టంగనే అమ్మీ అందుకున్నది. "కప్పినం అన్నవేంది? కప్పింది నేను గదా. నా పేరు చెప్పనీకి సిగ్గా?"

"నీ మీద నవ్వుతరని అమ్మీ."

"నవ్వనీ. నవ్వితే నా దుప్పటి చిరుగుతదా?" అని కుర్చీ పట్టుకొని మెల్లగ కూసున్నది. కూసున్నంక అడిగింది. "మరి పోతలేవా?"

"పోతలేను."

ఆమె తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకున్నది. ఇన్నాళ్లు పట్టి ఉంచిన ఊపిరి విడిచినట్టు ఆమె భుజాలు కిందికి దిగినయి. ఆమె ఎంత భయపడ్డదో నాకు అప్పుడు తెలిసింది.

సాయంత్రం అసర్ అజాను వినిపిస్తే చాప పరిచిన. ఇవాళ శుక్రానాకు, అల్లాకు కృతజ్ఞతగ, ఎక్కువ చదవాలె అనుకున్న గాని, మొదటి సజ్దాలోనే ఒళ్లు మాట వినలే. నుదురు చాప మీద ఆనించంగనే ఇన్ని రోజుల బరువంతా నేల తీసుకున్నట్టైంది. అట్లనే ఉండిపోయిన. కింద బండలు చల్లగ ఉన్నయి. ఎన్ని మేళ్లకని పేరుపేరున చెప్పుకోను, అన్నీ నీకు తెలుసు అనుకున్న.

"బేటీ" అని వెనుక నుంచి అమ్మీ మెల్లగ పిలిచింది. "నిద్రపోయినవా ఏంది?"

నమాజుల ఉన్నోళ్లు జవాబియ్యరాదు. ఇంకొంచెంసేపు అట్లనే ఉన్న.